పావు మైలు ఎడం

స్టెయిన్ గారికి ఇంజనీరు అక్కర్లేదు, ఇంజనీరు సంతకం కావాలి. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. తొమ్మిది లారీలు పెట్టుకుని, చలికాలంలో విన్నిపెగ్ సరస్సు గడ్డకట్టగానే దాని మీద దారి వేసి, తూర్పు గట్టు మీది క్రీ తెగవాళ్ళ ఊళ్ళకు పిండీ, పొయ్యి నూనే, చెక్క పలకలూ తోలే మనిషి ఆయన. 1958లో బీమా కంపెనీవాళ్ళు ఒక మెలిక పెట్టారు. వారం వారం ఒక ఇంజనీరు మంచు మందం కొలిచి, ఇంత బరువు మోస్తుందని కాగితం మీద సంతకం చేస్తేనే బీమా అన్నారు. జనవరిలో, సున్నాకి ముప్పై డిగ్రీల కింద, సరస్సు ఒడ్డున ఉన్న స్యాండ్‌విక్ రేవుకు వచ్చి మూడు నెలలు కాపురం ఉండే మగ ఇంజనీరు విన్నిపెగ్ నగరమంతా గాలించినా దొరకలేదు. దొరికింది హల్డోరా ఒక్కతే.

"ఆడపిల్లయితే ఏం, సంతకం సంతకమే కదా. మిగతా పొద్దంతా స్వెటరు అల్లుకుంటుంది," అన్నాడట ఆయన హోటల్లో కూర్చుని. హోటలు నడిపే లౌగా ఆ మాటను పొల్లు పోకుండా, హల్డోరా చేతిలో పెట్టె కింద పెట్టకముందే ఆమె చెవిన వేసింది.

హల్డోరాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ ముప్పై ఏళ్ళ వయసుకే ఆమె మింగిన కోపాలు పుట్టెడున్నాయి, వాటి పక్కన ఇదో లెక్క కాదు. ఆమెదీ ఆ సరస్సే. యాభై మైళ్ళు దక్షిణాన, ఐస్‌లాండ్ నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ చేపలవాళ్ళ ఇల్లు. పదేళ్ళకే నాన్న వెంట వెళ్ళి, మంచుకు కన్నాలు తొలిచి, వాటి కింద వలలు సాగదీసిన పిల్ల. ఇంజనీరింగు తరగతిలో డెబ్బైమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఆ భవనం కట్టిన మహానుభావులకు ఆడది అందులో అడుగు పెడుతుందన్న ఊహే లేకపోవడంతో, మరుగుదొడ్డికి వెళ్ళాలంటే మంచులో రెండు భవనాల అవతలికి పరిగెత్తాల్సి వచ్చేది. నాలుగేళ్ళు పరిగెత్తింది. పట్టా పుచ్చుకున్నాక ఎనిమిదేళ్ళు ఒక ఆఫీసులో కూర్చుని, తనకంటే తక్కువ తెలిసిన మగవాళ్ళు గీసిన నక్షాలకు నకళ్ళు తీసింది. సాయంత్రాలు మాత్రం మంచు గురించి ఎక్కడ ఏ కాగితం దొరికినా చదివింది. "ఇంజనీరు" అన్న మాట తన పేరు పక్కన చేర్చి వచ్చిన మొదటి ఉత్తరం స్టెయిన్ గారిదే.

అందుకని ఆమె సూదులూ ఊలూ తెచ్చుకోలేదు, చేతి బరమా తెచ్చుకుంది. మూడు వారాలు సరస్సు మీద కాలినడకన తిరుగుతూ, అరమైలుకో కన్నం తొలిచి, కొలిచి, రాసుకుంది. తర్వాత ఒక ఆదివారం హోటలు గోడకు మూడు నియమాలు రాసిన కాగితం అంటించింది. ఒకటి, గట్టు దగ్గర గంటకు పది మైళ్ళు మించి తోలకూడదు. రెండు, లారీకీ లారీకీ మధ్య పావు మైలు ఎడం ఉండాలి. మూడు, ఎవరి లారీ అయినా మంచులో దిగబడితే మిగతా లారీలు దగ్గరకు పోకూడదు. ఆ పావు మైలు దూరంలోనే ఆగిపోవాలి.

డ్రైవర్లంతా కాగితం చుట్టూ మూగారు. వాళ్ళకు పెద్ద గ్వెండూర్. అరవై దాటినవాడు, గుర్రపు బళ్ళ కాలం నుంచీ ఆ మంచు మీద ఉన్నవాడు, హల్డోరా నాన్నకు పాత స్నేహితుడు.

"అమ్మాయ్, ఆ మూడోది ఓసారి చదివి వినిపించు. నా కళ్ళు బానే ఉన్నాయి. నీ నోటితో వినాలనుంది," అన్నాడు.

ఆమె చదివింది.

"అంటే, నా తోటోడు నీళ్ళలోకి పోతుంటే నేను పావు మైలు అవతల నిలబడి, టోపీ తీసి దణ్ణం పెట్టాలా?"

"నడిచి వెళ్ళు బాబాయ్. తాడు తీసుకో, పలక తీసుకో. లారీ మాత్రం తీసుకెళ్ళకు."

"నడిచెళ్ళేసరికి వాడు చేపలకి మేతైపోతాడు."

"లారీ వేసుకెళ్తే ఇద్దరూ అవుతారు."

"మా ఆవిడా ఇంతే," అన్నాడు కాల్లీ, వాళ్ళలో నోరు ఊరుకోని మనిషి. "వంటిల్లు కదలదు. సరస్సు సంగతులన్నీ నాకే చెప్తుంది."

అందరూ నవ్వారు. గ్వెండూర్ నవ్వలేదు. కాగితాన్ని గోడ నుంచి చిరగకుండా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఎనభై ఏళ్ళ బట్టీ మనవాళ్ళు ఈ నీళ్ళ మీద బతుకుతున్నారు అమ్మాయ్. మంచు మీద మనిషిని ఒంటరిగా వదిలేసినవాడికి ఈ ఊళ్ళో పిల్లనివ్వరు. నీ చదువు గొప్పదే కావచ్చు. ఇది మాత్రం ఇంటికి పట్టుకుపో."

పరాయివాడు అంటే పడి ఉండేది. నాన్న స్నేహితుడు అన్నాడు కాబట్టి హల్డోరాకు గుండెలో గుచ్చుకుంది. పైగా ఆయన చెడ్డవాడైతే పోట్లాడవచ్చు. మంచివాడితో, అందులోనూ తప్పు మంచితనం వల్లే చేస్తున్నవాడితో ఎలా పోట్లాడటం? ఎవరి లారీ దిగబడ్డా మిగతా లారీలన్నీ పరుగున వచ్చి చుట్టూ చేరతాయి. ఒక లారీ బరువుకే తాళలేని చోట ఐదు లారీల బరువు పడుతుంది. ఆ ఒక్క అలవాటు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఊరి మగవాళ్ళందరినీ ఒకేసారి మింగుతుందని ఆమెకు రెండు రెళ్ళు నాలుగన్నంత స్పష్టంగా తెలుసు.

ఆ వారం బీమా కాగితం మీద సంతకం పెట్టనంది.

స్టెయిన్ గారు ఎగిరిపడ్డాడు. "తూర్పు గట్టు నర్సమ్మ దగ్గర పొయ్యి నూనె నిండుకుంటోంది తల్లీ! నువ్వు సంతకం పెట్టకపోతే అక్కడ రోగులు బిగుసుకుపోతారు. రేపే ఇంకో ఇంజనీరుని పిలిపిస్తా, చూస్కో."

"పిలిపించండి. వచ్చేదాకా సరస్సు ఆగుతుందేమో కనుక్కోండి," అంది హల్డోరా. తర్వాత కాస్త తగ్గింది. "నాలుగు లారీలు, సగం బరువు. నేనూ వాళ్ళతో వెళ్తాను. కాఫీకి ఎక్కడ ఆగాలో నేను చెప్తాను, అక్కడ ఒక కన్నం తొలుస్తాను. దీనికి ఒప్పుకుంటే సంతకం పెడతాను."

కాఫీ సంగతి చెప్పాలి. నడి సరస్సులో గాలికి అడ్డం ఏమీ ఉండదు. అందుకని స్యాండ్‌విక్ డ్రైవర్లు సగం దారిలో లారీలన్నిటినీ మూతికి మూతి ఆనించి గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో పొయ్యి ముట్టించి, కాఫీ కాచుకునేవాళ్ళు. లౌగా కట్టి ఇచ్చిన ప్రూన్ పళ్ళ కేకు కోసుకుని, పంటి కింద చక్కెర బిళ్ళ పెట్టుకుని, గంటసేపు లోకాభిరామాయణం నడిపేవాళ్ళు. ఆ చుట్టులో చోటు దొరికితేనే డ్రైవరు డ్రైవరైనట్టు. హల్డోరా ఆ గంటను లెక్క కట్టింది. మందం బాగా ఉన్న చోట, నాలుగు లారీలు సగం బరువుతో, ముప్పై అయిదు నిమిషాలకు బరువుకు మంచు వంగి కన్నంలోంచి నీళ్ళు పైకి వస్తాయి, మంచు మాత్రం విరగదు. లెక్క తప్పితే ఆమె కూడా ఆ మధ్యలోనే ఉంటుంది. లెక్క కట్టినవాళ్ళు దాని మీద నిలబడాలన్నది ఆమె పట్టుదల.

స్టెయిన్ గారికి ఒప్పుకోక తప్పలేదు. సగం దారిలో, చుట్టు మధ్యలో కూర్చుని ఆమె బరమా తిప్పింది. ముప్పై రెండు అంగుళాల మంచు. కన్నంలో నీళ్ళు అంచుకు మూడు అంగుళాల కిందకు వచ్చి ఆగాయి. మంచి మంచులో నీళ్ళు అక్కడే ఆగుతాయి. వల వేసిన ప్రతివాడికీ ఆ కొలత చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఏంటి ఇంజనీరమ్మా, చేపలు పడుతున్నావా?" అన్నాడు కాల్లీ, ఆమెకు కాఫీ అందిస్తూ.

"పడితే నీకే ముందు చూపిస్తాలే."

కబుర్లు నడిచాయి. హాకీ ఆటలో ఎవడు ఎవడి పళ్ళు రాలగొట్టాడో, ఎవరి ఆవు ఈనిందో. రెండో కప్పు పోశారు. అంబ్రోజ్ అనే మెటీ తెగ డ్రైవరు ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. అతనే ముందు చూశాడు.

"నీళ్ళు," అన్నాడు.

కన్నం అంచు దాకా నిండి ఉన్నాయి నీళ్ళు. అందరూ చూస్తుండగానే అంచు దాటాయి. పెటపెటమని విరిగిన చప్పుడు లేదు, కాళ్ళ కింద కదిలినట్టు కూడా లేదు. నల్లటి తడి మంచు మీద చల్లగా పాకుతూ వచ్చి, పొయ్యి కాలును తాకి, బుస్సుమంది. కాల్లీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. చక్కెర బిళ్ళ నోట్లోనే ఉండిపోయింది.

హల్డోరా గడియారం చూసింది. ముప్పై నాలుగు నిమిషాలు.

"ఎవరూ పరిగెత్తకండి," అంది. "మనం నలభై ఏళ్ళుగా కాఫీ తాగుతున్న పళ్ళెం ఇది. వంగిపోయింది. కాల్లీ, ముందు నువ్వు. నిదానంగా. పావు మైలు పోయి ఆగు."

ఒక్కో లారీ తలుపులు తెరిచిపెట్టుకుని పాకుతున్నట్టుగా కదిలింది. ఆమె కన్నం దగ్గరే నిలబడి నీళ్ళ మట్టం అరిచి చెప్పింది. మొదటి లారీ వెళ్ళగానే పొంగు ఆగింది. రెండోది వెళ్ళాక అంచుకు దిగింది. మూడోది వెళ్ళాక అంగుళం తగ్గింది. ఆఖరుకు గ్వెండూర్ లారీ ఒక్కటే మిగిలింది. ఆయన ఎక్కకుండా కన్నం దగ్గరకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలు ముంచి చూశాడు. ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు.

"చుట్టు మానేస్తాం," అన్నాడు. "నీ ఒకటీ రెండూ ఒప్పుకుంటున్నా. మూడోది మాత్రం ఒప్పుకోను అమ్మాయ్. కాఫీ వేరు, మనిషి వేరు."

"నీళ్ళకి ఆ తేడా తెలీదు బాబాయ్."

"నాకు తెలుసుగా," అని లారీ ఎక్కాడు.

ఆయన ఒప్పుకోకపోతే ఎవరూ ఒప్పుకోరు. మూడో నియమానికి వాళ్ళు మాట ఇవ్వలేదు కాబట్టి, ఆ చలికాలమంతా హల్డోరా ప్రతి ట్రిప్పుకూ వాళ్ళ వెంట వెళ్ళింది. బరువులు తగ్గించింది, స్టెయిన్ గారి చేత తిట్లు తింది, పగుళ్ళు కనిపించిన చోటల్లా దారి మళ్ళించింది. కాల్లీ వెక్కిరింతలు మాత్రం మానలేదు, కాకపోతే ఇప్పుడు వాటి వెనకాల "ఇక్కడ ఎన్ని అంగుళాలు?" అన్న ప్రశ్న ఉండేది. ఇంకో ఇంజనీరు మాట స్టెయిన్ గారు మళ్ళీ ఎత్తలేదు. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఆమెకు ఆ మూడోదే గుర్తొచ్చేది. అది గెలవకపోతే తను ఇక్కడ చేసినదంతా గాలికి పోయినట్టే అనుకునేది.

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం, తూర్పు గట్టు ఇంకా ఆరు మైళ్ళు ఉందనగా, గ్వెండూర్ లారీలో ఆయన పక్కన కూర్చుని ఉంది. ముందు రోజు వచ్చిన మంచు తుపానుకు మంచు ఒత్తుకుని ఒకచోట గోడలా లేచింది. దాని పక్క నుంచి దారి చూసుకుని పోతున్నారు. కొత్త మంచు కప్పిన పగులు ఆమెకూ కనిపించలేదు, ఆయనకూ కనిపించలేదు. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు దాటలేదు.

లారీ ముక్కు ఆకాశానికి లేచింది. మూసుకోకుండా తాడుతో కట్టి ఉంచిన తలుపులోంచి హల్డోరా మంచు మీద పడింది. అవతలి తలుపులోంచి గ్వెండూర్ పడ్డాడు, పడటంలో ఆయన కాలి మడమ దగ్గర ఎముక విరిగింది. ఆమె ఆయన కోటు పట్టుకుని ఈడ్చింది. ముప్పై అడుగులు పాకారు. వాళ్ళ లారీ నూనె పీపాల బరువుతో సగం నీళ్ళలో, సగం మంచు మీద వేలాడుతోంది. చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి.

వెనకాల, పావు మైలు దూరంలో, కాల్లీ లారీ. దాని వెనకాల అంబ్రోజ్‌ది.

కాల్లీ చూశాడు. చూసినట్టు ఇక్కడికే తెలిసింది, ఎందుకంటే అతని లారీ వెనక మంచు దుమ్ము ఒక్కసారిగా లేచింది. పది టన్నుల పిండి బస్తాలతో, ఉన్న వేగమంతా పెట్టి వస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెను వెక్కిరించిన మనిషి ఆమె ప్రాణం కోసం ప్రాణం పెట్టి వస్తున్నాడు. అంబ్రోజ్ కూడా కదిలాడు.

హల్డోరా లేచి చేతులు ఊపింది. ఊపుతుంటేనే అర్థమైంది, కాపాడమని పిలుస్తోందని వాళ్ళు అనుకుంటారు. నిజంగానే లారీ ఇంకా వేగం అందుకుంది. అరిచింది. గాలి ఆ అరుపును వెనక్కి తెచ్చి ఆమె మొహానే కొట్టింది. ఇంత భయం ఆమె జన్మలో ఎరగదు. చావు భయం కాదు అది. తను చెప్పినదంతా నిజమని, ఆ నిజం చూడటానికి ఎవరూ మిగలరని భయం.

"బాబాయ్!" అంది.

గ్వెండూర్ మోచేతుల మీద లేచి చూశాడు. వస్తున్న లారీని చూశాడు. తమ కింద నల్లబడుతున్న మంచును చూశాడు. హల్డోరా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత పళ్ళు కరుచుకుని, విరిగిన కాలిని కిందకు మడిచి, మోకాళ్ళ మీద లేచాడు. రెండు చేతులూ తల మీద అడ్డంగా కట్టి చూపించాడు. ఆ చేతులతోనే గాలిని తోశాడు. ఆగు. అక్కడే ఆగు. ఐస్‌లాండు భాషలో ఉన్న తిట్లన్నీ, లేనివి కూడా, గొంతు చించుకుని తిట్టాడు. కేకలు వాళ్ళకు వినపడే దూరం కాదు. కానీ ముసలాయన ఆకారం వాళ్ళకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆ ఆకారం రావద్దంటోంది.

మంచు దుమ్ము తగ్గింది. లారీ నెమ్మదించింది. ఇంకా వచ్చింది, ఇంకా కొంచెం వచ్చింది, రెండు వందల గజాల అవతల ఆగింది. దాని వెనక, దూరంగా, అంబ్రోజ్ లారీ ఆగింది. ఇంజన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాల్లీ దిగాడు. పలక ఒకటి, తాడు ఒకటి చంకన పెట్టుకున్నాడు. అంబ్రోజ్ మంచు మీద జారే చెక్కబండి లాక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నడవలేదు. ఇరవై అడుగుల ఎడం పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు, అడుగు వేసే ముందు కర్రతో మంచును పొడిచి చూసుకుంటూ నడిచారు.

"నడిచే వస్తున్నారు," అన్నాడు గ్వెండూర్. నొప్పికి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారి గడ్డకడుతున్నాయి.

"అవును బాబాయ్."

"ఎంతసేపు పడుతుంది?"

"అయిదు నిమిషాలు. ఆరేమో."

"చేపలకి అంత తొందరేం లేదులే," అన్నాడు.

హల్డోరా ఏడ్చింది. తరగతిలో ఏడవలేదు, ఆఫీసులో ఎనిమిదేళ్ళు ఏడవలేదు, ఇప్పుడు మాత్రం సరస్సు నడిమధ్య, ముసలాయన భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాల్లీ దగ్గరకు వచ్చి పలక పరిచి, ఆమె మొహం చూసి, మొదటిసారి వెక్కిరించకుండా తాడు కొసను ఆమె చేతికిచ్చాడు. ఆరోజు అందరూ ప్రాణాలతో గట్టెక్కారు. లారీ మాత్రం తెల్లారేసరికి మునిగింది. స్టెయిన్ గారు దానికోసం ఏడ్చాడు, ఆయన ఏడుపు ఆయనది.

తర్వాత హల్డోరా ఆ రేవులో ఇంకో నాలుగు చలికాలాలు చేసింది. పక్క సరస్సులవాళ్ళు పిలిచారు, వెళ్ళింది. ప్రభుత్వంవాళ్ళు పిలిచారు, వెళ్ళింది. ఆ పని చేసిన మొదటి ఆడమనిషి అని పత్రికలు రెండుసార్లు ఫొటో వేశాయి. రెండుసార్లూ పేరు తప్పు రాశాయి. ఉత్తరాన మంచు దారులన్నిటికీ పెద్ద ఇంజనీరు అయ్యేసరికి జుట్టు నెరిసింది. ఆమె కింద పనిచేసే ఇంజనీర్లలో అప్పటికి ఐదుగురు ఆడపిల్లలు. వాళ్ళ భవనంలో మరుగుదొడ్డి ప్రతి అంతస్తులోనూ ఉండేలా మాత్రం తనే దగ్గరుండి చూసుకుంది.

1984లో, ఉద్యోగంలో ఆఖరు చలికాలం, తనిఖీ కోసం స్యాండ్‌విక్ వెళ్ళింది. ఎవరిదో తెలియని ఒక లారీ ఎక్కి కూర్చుంది. డ్రైవరు పేరు సోల్లా, ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. గ్వెండూర్ మనవరాలు. ముసలాయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. పక్కన కూర్చున్న పెద్దావిడ పట్నం ఆఫీసు నుంచి వచ్చిందన్నంత వరకే సోల్లాకు తెలుసు. అందుకని దారి పొడుగునా పాఠం చెప్పింది. తలుపు ఎందుకు తెరిచి ఉంచాలో, నెమ్మదిగా ఎందుకు పోవాలో చెప్పింది.

"అన్నిటికన్నా ముఖ్యం ఇదండీ. ఎవరైనా దిగబడితే మిగతావాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోవాలి. నడిచి వెళ్ళాలి. మీ ఆఫీసు పుస్తకాల్లో ఉందో లేదో గానీ, మా దగ్గర ఇది తాతల నాటి ఆచారం."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా తాత. ఆయనకి వాళ్ళ తాత చెప్పాడట. గుర్రాల కాలం నుంచీ ఉందంట."

హల్డోరా కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకుంది. దొంగ ముసలాడు. ఆమె పేరు ఎక్కడా లేకుండా తుడిచిపెట్టాడు. ఇంత సంతోషం ఆమెకు ఏ పత్రికా, ఏ సన్మానమూ ఇవ్వలేదు. ఇంజనీరు చెప్పినదాన్ని వచ్చే ఇంజనీరు మార్చవచ్చు. తాత చెప్పినదాన్ని మార్చే ధైర్యం ఎవరికుంటుంది?

అయినా ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయింది.

"మరి ఎవరైనా కంగారులో ఆగకుండా లారీ వేసుకుని దగ్గరికి వెళ్ళిపోతే?"

సోల్లా దారి మీంచి కళ్ళు తిప్పి, ఈవిడకు ఏమీ తెలియదు పాపం అన్నట్టు చూసింది.

"ఎందుకు వెళ్తారండీ," అంది, "అక్కడ ఉన్నది మన మనిషైతే?"